పూర్ణాంకమునకు కొలత యెంత?

గత విద్యాసంవత్సరమున దసరా సెలవులు ముగిసిన వారమునకు పదునొకండవ తరగతి విద్యార్థి తండ్రిగారొకరు కుమారుని నోటుపుస్తకమును చేతబట్టుకొని నా కడకు వచ్చిరి. సెలవులలో చేయుటకై నేనిచ్చిన అభ్యాసములలో ఒకటి, 1 మొదలు 13 వఱకు గల సంఖ్యలను వరుసగా గుణించి లబ్ధమును తెలుపు ప్రోగ్రామును సీ భాషలో వ్రాయవలయునని. బాలుడు వ్రాసెను. లబ్ధమును దాచుటకు 'లాంగ్' అను రకమును వాడెను. అతని యింటి కంప్యూటరు 193,20,53,504 అని చెప్పగా దానినే పుస్తకమున వ్రాసికొని వచ్చెను. సరియైన సమాధానము 622,70,20,800. నేను ప్రోగ్రామును చదువక, సమాధానమును మాత్రము చూచి, ఎఱ్ఱసిరాతో అడ్డముగా గీత గీసితిని. తరువాత ఆ బాలుడు అదే ప్రోగ్రామును ఒక్క అక్షరమైనను మార్పక పాఠశాల కంప్యూటరుపై నడుపగా 622,70,20,800 అనియే వచ్చినది.

"మాస్టారూ, మావాడి లెక్క తప్పంటారా? లేకపోతే బళ్లో కంప్యూటరుకు ఒక న్యాయం, ఇంట్లో కంప్యూటరుకు ఒక న్యాయమా?" అని ఆయన అడిగిరి.

ఆ ప్రశ్నకు నేనప్పుడు చెప్పిన మాటలు నాకే తృప్తి కలిగింపలేదు. ఎఱ్ఱగీతను కొట్టివేసి మార్కులు వేసితిని గాని, మార్కులతో తీరు ప్రశ్న కాదది. ఈ వ్యాసము ఆయనకు నేను బాకీపడిన సమాధానము. మన పాఠశాల తల్లిదండ్రులలో కంప్యూటరు కొలువులలో నున్నవారు కొందఱు కలరు; వ్యాపారములును చేతివృత్తులును చేయువారు అంతకంటె ఎక్కువ. ఈ రెండవవారిని మనసునందుంచుకొని వ్రాయుచున్నాను. మొదటివారు తొలి పుటలను ఓర్చుకొందురు గాక. వారికిని తుదకు కొంత పని కలదు.

ముందుగా ఆ 193 కోట్ల సంగతి చూతము. కంప్యూటరు సంఖ్యలను గళ్లలో వ్రాయును. ఒక్కొక్క గడిలో సున్న గాని ఒకటి గాని తప్ప మఱొకటి పట్టదు. అట్టి గడికి బిట్టు అని పేరు. ఎనిమిది బిట్లు కలిసిన ఒక బైటు. 32 గళ్లు గల వరుసలో 429,49,67,296 వేర్వేరు సంఖ్యలను వ్రాయవచ్చును, అంతకు మించి ఒక్కటియు వ్రాయరాదు. మోటారు సైకిలుపై నున్న దూరమాపకము అయిదంకెలదైనచో 99,999 తరువాత మరల 00,000 అగునుగదా! లక్ష కిలోమీటర్లు తిరిగిన బండి, నిన్ననే కొన్నదానివలె కనబడును. ఇచటను జరిగినది అదియే. 622,70,20,800 నుండి 429,49,67,296 తీసివేసిచూడుడు. మిగులునది 193,20,53,504. బాలుని కంప్యూటరు కూడిక తప్పలేదు, గుణకారము తప్పలేదు. దానికిచ్చిన గళ్లు చాలలేదు, అంతే. ఇట్లు పొంగిపోయినప్పుడు ఏమి జరుగవలయునో సీ భాష యేమియు హామీ యీయదు. యంత్రములు సాధారణముగా చేయునది మాత్రము ఇది.

అట్లయినచో పాఠశాల యంత్రమునకు గళ్లెట్లు చాలినవి? ఇంటిలోనిది విండోస్, పాఠశాలలోనిది లినక్స్. రెండును 64 బిట్ల యంత్రములే. కాని 'లాంగ్' అను ఒకే మాటకు మొదటిది 32 బిట్లనియు, రెండవది 64 బిట్లనియు అర్థము చెప్పుకొనుచున్నవి. రెండర్థములును సీ భాషా ప్రమాణమునకు సమ్మతములే. ఇదియే ఆశ్చర్యము.

ఈ సందిగ్ధము పొరపాటున వచ్చినది కాదు. 1970వ దశకపు తొలినాళ్లలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ సీ భాషను రూపొందించునాటికి యంత్రములు ఒక్కొక్కటి ఒక్కొక్క తీరుగ నుండెడివి. 1978లో కెర్నిగన్, రిచీలు ప్రకటించిన సీ గ్రంథపు తొలికూర్పున ఒక చిన్న పట్టిక కలదు. అందు పీడీపీ-11 యంత్రముపై 'ఇంట్' అనగా 16 బిట్లు. ఐబీఎం 370పై 32 బిట్లు. హనీవెల్ 6000పై 36 బిట్లు. ఆ హనీవెల్ యంత్రమున బైటుకు సైతము ఎనిమిది గాక తొమ్మిది బిట్లు! యంత్రము ఏ కొలతతో సహజముగా, వేగముగా లెక్కింపగలదో దానినే 'ఇంట్' అందురుగాక అని భాషాకర్తలు తలంచిరి. ఆనాడది మంచి తలంపే. వారు విధించిన నియమము కనిష్ఠమునకు సంబంధించినది మాత్రమే. నేటి ప్రమాణము ప్రకారము 'ఇంట్' 16 బిట్లకు తగ్గరాదు. 'లాంగ్' 32కు తగ్గరాదు. గరిష్ఠమెంతయో ఎవరును చెప్పలేదు.

వర్తకులకు ఇది కొత్త సంగతి కాదు. మన పూర్వులు చెన్నపట్నమునకును, బొంబాయికిని, వంగదేశమునకును సరకు పంపిన కాలమున 'మణుగు' అను మాట మూడుచోట్లను చెల్లెడిది. చెన్నపట్నపు మణుగు 25 పౌనులు. బొంబాయి మణుగు 28 పౌనులు. బెంగాలు మణుగు 82 పౌనులకు పైచిలుకు. ఒకే ఊరిలో కొని అక్కడనే అమ్ముకొనువానికి ఈ భేదముతో పనిలేదు. చీటీపై 'పది మణుగులు' అని వ్రాసి రైలుపై సరకు నంపినవాడే చిక్కున పడును. 1956లో తూనికలు కొలతల ప్రమాణముల చట్టము వచ్చి కిలోగ్రామును దేశమంతటికిని ఒకటి చేసినది ఈ రెండవవానికొఱకే.

'ఇంట్', 'లాంగ్' అనునవి మణుగులు. ప్రోగ్రాము తన యింటిలో తాను లెక్కించుకొనునంత వఱకు వానితో ప్రమాదము స్వల్పము. సంఖ్య గడపదాటి మఱొక ప్రోగ్రామునకో, పరికరమునకో, రాబోవు కాలమునకో చేరవలసి వచ్చినప్పుడు కిలోగ్రాము కావలయును. అట్టి గడపలలో ముఖ్యమైనది ఆపరేటింగ్ సిస్టము యొక్క కెర్నెల్.

కెర్నెల్ అనగా ఆపరేటింగ్ సిస్టమునకు నడిమి గింజ. మనము తెరపై చూచు ప్రోగ్రాములేవియు డిస్కును గాని, తంతిని గాని, తెరను గాని స్వయముగా ముట్టరాదు. కావలసినదానిని కెర్నెల్‌ను అడిగి పుచ్చుకొనవలయును. అడుగుటకొక పద్ధతి, ఇచ్చుటకొక పద్ధతి ఉండవలెనుగదా! ఏ సంఖ్య ముందు, ఏది తరువాత, ఒక్కొక్కటి యెన్ని బైట్లు అను ఒడంబడికను వ్రాసియుంచిన దస్త్రములకే హెడర్ దస్త్రములని పేరు. కెర్నెల్‌ను కంపైలు చేయువాడు దానిని చదువును. ప్రోగ్రామును కంపైలు చేయువాడును దానినే చదువును. కాని వీరిద్దఱును ఒకే నాడు, ఒకే కంపైలరుతో చదువుదురని నియమము లేదు. పది సంవత్సరముల క్రింద 32 బిట్ల యంత్రమునకై కంపైలైన ప్రోగ్రాము నేటి 64 బిట్ల కెర్నెల్‌పై నడువవచ్చును, నడువవలయును కూడ. ఒడంబడికలో 'లాంగ్' అని వ్రాసినచో పాత ప్రోగ్రాము నాలుగు బైట్లని చదివికొనియున్నది, కొత్త కెర్నెల్ ఎనిమిదని చదివికొనుచున్నది. సంతకములు రెండును ఒకే కాగితముపై నున్నవి, భూమి కొలత మాత్రము వేరు.

అందుచేత లినక్స్ కెర్నెల్‌లో కొలతను పేరులోనే చేర్చిన రకములను ఏర్పఱచుకొనిరి. యు-8, యు-16, యు-32, యు-64 అనునవి ఋణచిహ్నము లేని సంఖ్యలకు. ఎస్-8 మొదలు ఎస్-64 వఱకు ఋణధనములు రెండును గల సంఖ్యలకు. పేరు పలికినంతనే బిట్లెన్నియో తెలియును. యంత్రము మారినను అవి మారవు.

ఇచట కొలువులలోనున్న తల్లిదండ్రులు ఒక ఆక్షేపణ చెప్పుదురు. 1999 నాటి సీ ప్రమాణమే 'స్టడ్ఇంట్' అను హెడరులో నిర్ణీత వెడల్పు గల రకములను భాషకంతటికిని ఇచ్చినదిగదా, కెర్నెల్‌కు వేఱు పేర్లేల అని. ఒక కారణము వయస్సు. లినక్స్ 1991లో పుట్టినది. ప్రమాణము వచ్చునాటికి ఎనిమిదేండ్ల కెర్నెల్ తన పేర్లకు అలవాటుపడియున్నది. రెండవ కారణము దానికంటె గట్టిది. కెర్నెల్ హెడరు సాధారణ ప్రోగ్రాములోనికి అతిథిగా పోవును. అతిథి తన వెంట పిలువని చుట్టములను తీసికొని పోరాదు. ప్రోగ్రాము వ్రాసినవాడు 'యు-32' అను పేరును తన సొంత పనికి వాడుకొని యుండవచ్చును. ప్రమాణపు రకములను తాను కోరక యుండవచ్చును. అప్పుడు హెడరులోని పేరు వచ్చి అతని పేరుతో ఢీకొన్న దోషమెవరిది? సీ ప్రమాణము ఒక హద్దు గీసినది: రెండు అడుగుగీతలతో మొదలగు పేర్లు వ్యవస్థను నిర్మించువారివి, సాధారణ ప్రోగ్రాములు వానిని సొంతమునకు వాడరాదు. కావున ప్రోగ్రాములకు కనబడు హెడర్లలో లినక్స్‌వారు యు-32కు ముందు రెండు అడుగుగీతలు చేర్చి వ్రాయుదురు. ఆ గీతలు ఇంటిపేరువంటివి. ఏ వంశపు వాడో తెలుపును. లోపలి హెడర్లలో గీతలు లేని పేరు చాలును. 2012లో ఈ బయటి హెడర్లను లోపలివాని నుండి వేరుచేసి 'యూఏపీఐ' అను ప్రత్యేక సంచయమున నుంచిరి. అప్పటినుండి ఏది ఒడంబడికయో, ఏది యింటిగుట్టో చూడగనే తెలియుచున్నది.

అన్నిటిని ఈ రకములతోనే వ్రాయవలయునని మాత్రము అనుకొనరాదు. మన పిల్లలలో చురుకైనవారు ఈ పాఠము విన్న మఱునాడు పదిసార్లు తిరుగు చక్రమునకు సైతము 64 బిట్ల లెక్కింపుసంఖ్యను పెట్టుకొని వచ్చుచున్నారు. కెర్నెల్ వ్రాయువారును లోపలి లెక్కలకు 'ఇంట్' ధారాళముగ వాడుదురు. చిరునామా వెడల్పుతో పాటు పెరుగవలసినదానికి 'లాంగ్' వాడుదురు. ఆకారము బయటివారికి తెలియు తావులందే నిర్ణీత వెడల్పు విధిగా కావలయును. నెట్‌వర్కు పొట్లమున ఐపీ నాల్గవ కూర్పు చిరునామా 32 బిట్లు, ద్వారసంఖ్య 16 బిట్లు. ఇవి లోకమున కంతటికి నొకటే. వానిని 'ఇంట్' అని వ్రాయుట సాహసము.

వెడల్పు ఒకటైనంత మాత్రమున ఒడంబడిక ముగియదు. నాలుగు బైట్లలో పెద్ద స్థానపు బైటు ముందా, చిన్న స్థానపు బైటు ముందా అనునది మఱొక తగవు. 3-4 అని వ్రాసిన తేదీని మనము ఏప్రిల్ మూడు అని చదువగా అమెరికాలోని మేనల్లుడు మార్చి నాలుగు అని చదువును. నెట్‌వర్కు పొట్లములలో పెద్దది ముందు. మన బల్లపై నుండు యంత్రములలో చిన్నది ముందు. అందుచేత కెర్నెల్‌లో 'ఎల్ఈ-32', 'బీఈ-32' అని క్రమమును కూడ పేరులో చేర్చిన రకములున్నవి. ఒకదానిని మఱొకదానిగా వాడినచో హెచ్చరించుటకు 'స్పార్స్' అను పరీక్షాసాధనమును లినస్ టోర్వాల్డ్స్ 2003లో మొదలుపెట్టెను.

ఇక ఈ వ్యాసమునకు నేను పూనుకొనుటకు అసలు కారణమైన కథ చెప్పెదను. హెడరులో వెడల్పులన్నియు సరిగ నుండియు ఒడంబడిక చెడిన కథ అది.

లినక్స్‌లో 'ఆటోఎఫ్ఎస్' అని యొక సదుపాయము కలదు. మఱొక యంత్రములోని దస్త్రసంచయమును ఎవరో తలుపు తట్టినప్పుడు మాత్రమే తెచ్చి తగిలించుట దాని పని. ఎవరైన ఆ సంచయమును తెఱువబోవగనే కెర్నెల్ ఒక చిన్న సందేశమును గొట్టమువంటి మార్గమున ఒక ప్రోగ్రామునకు పంపును. ఆ ప్రోగ్రాము పోయి సంచయమును తగిలించి వచ్చును. సందేశపు ఆకారము హెడరులో నిట్లున్నది. తలకట్టునకు 8 బైట్లు, తిరుగుజవాబు చీటీసంఖ్యకు 4, పరికరసంఖ్యకు 4, దస్త్రపు గుర్తుసంఖ్యకు 8, వాడుకరి, వర్గము, ప్రక్రియ, ప్రక్రియావర్గము, పేరు పొడవు అను అయిదింటికి నాలుగేసి చొప్పున 20, పేరునకు 256. పెద్దలు కూడి చూడుడు. 300 బైట్లు. 32 బిట్ల ఇంటెల్ యంత్రముననైనను, 64 బిట్ల యంత్రముననైనను ఏ అంశమును ఒక్క బిట్టయినను హెచ్చుతగ్గు కాదు.

అయినను 32 బిట్ల కంపైలరు ఈ ఆకారము 300 బైట్లని చెప్పును. 64 బిట్ల కంపైలరు 304 అని చెప్పును. ఆ నాలుగు బైట్లు ఎక్కడివి?

యంత్రములకు ఒక మర్యాద కలదు. ఎనిమిది బైట్ల సంఖ్య, ఎనిమిదిచే నిశ్శేషముగా భాగింపబడు స్థానముననే మొదలు కావలయునని 64 బిట్ల ఇంటెల్ యంత్రపు ఒప్పందము. మన సందేశమున దస్త్రపు గుర్తుసంఖ్య 16వ బైటున మొదలగుచున్నది, దోషము లేదు. కాని ఇట్టి సందేశములు రెండింటిని ప్రక్కప్రక్కన పేర్చినచో రెండవదానిలోని గుర్తుసంఖ్య 300కు 16 చేర్చిన 316వ బైటున పడును. 316 ఎనిమిదిచే తెగదు. అందుచేత కంపైలరు సందేశపు తుదను నాలుగు ఖాళీ బైట్లను అతికి 304 చేయును. 32 బిట్ల ఇంటెల్ ఒప్పందము ప్రకారము ఆకారము లోపలి ఎనిమిది బైట్ల సంఖ్య నాలుగుచే తెగిన చాలును, 300 నాలుగుచే తెగును, అతుకు అక్కఱలేదు. హెడరులో ఎవరును వ్రాయని నాలుగు బైట్లు, ఎవరికిని చెప్పకుండ, ఒకవైపున మాత్రము వచ్చి చేరినవి.

ఇప్పుడు 64 బిట్ల కెర్నెల్‌పై 32 బిట్ల ప్రోగ్రాము నడచుచున్నదనుకొనుడు. కెర్నెల్ గొట్టములోనికి 304 బైట్లు పోయును. ప్రోగ్రాము 300 త్రాగి సందేశము ముగిసినదనుకొనును. మిగిలిన నాలుగు గొట్టమున నిలిచి యుండును. తరువాతి సందేశమును చదువునప్పుడు ఆ పాత నాలుగు బైట్లే ముందు వచ్చును. అంతయు నాలుగు బైట్లు ప్రక్కకు జరిగి, చీటీసంఖ్య ఉండవలసినచోట తలకట్టు ముక్క కనబడును. చొక్కాకు మొదటి గుండీ తప్పుకాజాలో పెట్టిన చందము.

ఆ పని కొఱకు మొదటినుండి నున్న పాత ప్రోగ్రాము వ్రాసినవారు ఈ చిక్కును ఎన్నడో కనుగొనిరి. కెర్నెల్ 64 బిట్లదేమో విచారించి, అట్లయినచో తామే 304 బైట్లు చదువునట్లు సర్దుకొనిరి. తరువాత వచ్చిన 'సిస్టమ్‌డీ' అను ప్రోగ్రాము ఈ సర్దుబాటు చేసికొనలేదు, అది చెడినది. 2012 ఆరంభమున కెర్నెల్‌వారు దోషము తమదే యని యెంచి, 32 బిట్ల ప్రోగ్రామునకు 300 బైట్లే పంపునట్లు కెర్నెల్‌ను దిద్దిరి. సిస్టమ్‌డీ బాగుపడినది. పాత ప్రోగ్రామో, 304 బైట్ల కొఱకు నోరు తెఱచుకొని కూర్చున్నది, వచ్చినవి 300, మిగిలిన నాలుగింటికై ఎదురుచూచుచు అట్లే నిలిచిపోయెను.

న్యాయముగ చూచినచో దిద్దుబాటు సరియైనది. కాని నిన్నటివఱకు నడచిన ప్రోగ్రామును కెర్నెల్ మార్పు చెఱుపరాదు అనునది లినక్స్‌లో పెద్ద కట్టుబాటు. ఆ యేడే ఏప్రిల్ నెలలో టోర్వాల్డ్స్ ఆ దిద్దుబాటును తీసివేసి మఱొక ఉపాయము పన్నెను. గొట్టమును నీటిధారవలె గాక పొట్లముల వరుసగ మార్చెను. కెర్నెల్ 304 బైట్ల పొట్లము నొకటి వేయును. 304 చదువువానికి 304 దొరకును. 300 చదువువానికి 300 దొరకును. మిగిలిన నాలుగు పొట్లముతోనే పాఱవేయబడును. తరువాతి చదువు తరువాతి పొట్లముతో మొదలగును. తప్పు చదివినవాడును, ఒప్పు చదివినవాడును ఇద్దఱును బ్రతికిరి. ఇది 3.4వ కూర్పులో చేరినది. నాలుగు ఖాళీ బైట్లను తప్పించుకొనుటకు గొట్టముల స్వభావమునే మార్పవలసి వచ్చినది చూడుడు! మొదట హెడరు వ్రాసిననాడు పేరు తరువాత నాలుగు బైట్ల పూరకమును ఎవరైన చేతితో వ్రాసియున్నచో రెండువైపులను 304 అయియుండెడిది, ఈ కథయే లేకపోయెడిది.

నేడు కెర్నెల్ పత్రములలో కొత్తవారికి చెప్పు హితవులు చాలవఱకు ఇట్టి దెబ్బలనుండి నేర్చినవే. ఒక్కొక్క అంశమును దాని వెడల్పుకు తగిన స్థానమున నుంచవలెను. ఖాళీ వచ్చుచోట పూరకమును తామే పేరుపెట్టి వ్రాయవలెను. ఆ పూరకము సున్న అని కెర్నెల్ సరిచూడవలెను, లేనిచో ముందు ముందు దానిని కొత్త పనికి వాడుకొనుటకు వీలుండదు. కెర్నెల్ బయటికి పంపు ఆకారమున ఖాళీ బైట్లను తుడువక వదలినచో అందులో అంతకుముందు అక్కడనున్న రహస్యములు తునకలుగా బయటపడవచ్చును. ఇట్టి లీకులు పలుమారులు కనుగొని పూడ్చిరి. చిరునామాలను సైతము 64 బిట్ల సంఖ్యగానే వ్రాయుట మేలు, 32 బిట్ల ప్రోగ్రాము పైభాగమును సున్నలతో నింపును. ఎనిమిదిచే తెగు స్థానమును రెండువైపులను ఒకటే చేయుటకు 'అలైన్డ్-యు-64' అను రకము కూడ వచ్చినది.

ఇంత చేసినను వెడల్పు స్థిరమగుట వేరు, చాలుట వేరు. యూనిక్స్ వంశపు వ్యవస్థలు కాలమును 1970 జనవరి 1 మొదలు గడచిన సెకనులుగ లెక్కించును. 32 బిట్ల యంత్రములపై ఆ సంఖ్య ఋణచిహ్నముతో కూడిన 32 బిట్లది, గరిష్ఠము 214,74,83,647. ఆ సెకను 2038 జనవరి 19, మంగళవారము, మన గడియారములలో ఉదయము 8 గంటల 44 నిమిషముల 7 సెకనులకు వచ్చును. మన పాఠశాలలో ప్రార్థన గంట కొట్టుటకు కొంచెము ముందు. మఱుసటి సెకనున పాత లెక్క 1901 డిసెంబరునకు దూకును. లినక్స్‌వారు 2019లో 5.1వ కూర్పున 32 బిట్ల యంత్రములకును 64 బిట్ల కాలమును తెలుపు కొత్త పిలుపులు చేర్చిరి. 2020లో వచ్చిన 5.6వ కూర్పు నాటికి కెర్నెల్ పని ముఖ్యముగ ముగిసినది. కాని ప్రోగ్రాములును మరల కంపైలు కావలయును. మార్పుటకు వీలులేని చిన్న పరికరములలో పాత లెక్క నిలిచియే యుండును. డిస్కుపై సంగతి ఇంకను నేర్పుగలది. ఎక్స్‌ట్-3 అను దస్త్రపద్ధతి కాలమును 32 బిట్లుగా డిస్కుపై వ్రాసినది. అచట వెడల్పు స్థిరమే, సందిగ్ధమేమియు లేదు, అయినను చాలదు. దాని తరువాతి ఎక్స్‌ట్-4 ఇంకొక రెండు బిట్లను వెతకి తెచ్చి 2446వ సంవత్సరము వఱకు గడువు పెంచినది. స్థిరమైన గళ్లను ఎన్ని గీయవలెనో నిర్ణయించువానికి దూరదృష్టి ఉండవలయును, అది ఏ హెడరులోను దొరకదు.

తల్లిదండ్రులు ఇంటివద్ద చేయగలిగినది కొంచెము కలదు. పిల్లవాని ప్రోగ్రాము ఒకచోట సరిగను, మఱొకచోట తప్పుగను నడచినచో, వాని నేమియు అనక ముందు 'సైజాఫ్' అను సాధనముతో తాను వాడిన రకము రెండు యంత్రములపై ఎన్నేసి బైట్లో అచ్చొత్తి చూపుమని చెప్పుడు. సీ భాష తెలియనివారును ఆ రెండంకెలను పోల్చి చూడగలరు. నేను ఎఱ్ఱసిరా పట్టుటకు ముందు ఆ పనియే చేయవలసి యుండెను.

మన బాలుని సంగతి యిది. ఈ పాఠము విన్నపిమ్మట 'లాంగ్'ను తీసివేసి, స్టడ్ఇంట్ హెడరులోని 64 బిట్ల రకమును పెట్టి, ఇంటను బడిలోను ప్రోగ్రామును మరల నడిపెను. రెండుచోట్లను 622,70,20,800 వచ్చినది. పిల్లలు అంతటితో ఊరకుందురా? 14, 15 అనుచు పెంచుకొని పోయి 20 వఱకు సరియైన సమాధానములు రాబట్టెను. 21 దగ్గఱ లబ్ధము 64 గళ్లను మించిపోయినది. మఱునాడు తండ్రిగారును కొడుకును కలిసియే వచ్చిరి. పుస్తకమున ప్రక్కప్రక్కన రెండు అంకెలు వ్రాసియున్నవి, ఒకటి ఇంటిది, ఒకటి బడిది. రెండును ఋణ 4249290049419214848.

"ఈసారి రెండూ ఒకే తప్పు చెబుతున్నాయి మాస్టారూ!" అని ఆయన నవ్విరి. నేను పుస్తకము తీసికొని ఈమాఱు ప్రోగ్రామును మొదటినుండి చదివి, సరియని గుర్తుపెట్టి, ఆ అంకె ఎట్లు వచ్చినదో కాగితముపై తీసివేత చేసి తెమ్మని బాలునికి చెప్పితిని. మూడుమారులు తీసివేయవలయునని అతడు మఱునాడు వచ్చి చెప్పెను.